పేరు లేని గడ్డ

"ఎక్కడుందో చెప్పండమ్మా" అన్నారు డాక్టరు గారు. పిన్ని నా వైపు చూసింది.

2021 చలికాలం. హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రి గైనకాలజీ ఓపీ. గదిలో ఉన్నది ముగ్గురమే, ముగ్గురమూ ఆడవాళ్ళమే. తలుపు వేసే ఉంది. అయినా పిన్ని గొంతు తగ్గించి "అక్కడేనండీ" అంది. అక్కడంటే ఎక్కడని డాక్టరు గారు మళ్ళీ అడిగారు. "అదేనండీ, కింద" అంది పిన్ని. డాక్టరు గారు నా వైపు తిరిగి, "మీరు చదువుకున్నవాళ్ళే కదా, మీరు చెప్పండి" అన్నారు.

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. స్త్రీల స్వీయచరిత్రల్లో శరీరం గురించి నాలుగొందల పేజీలు రాసినదాన్ని. ఆ క్షణంలో నాకు ఒక్క తెలుగు మాట నోటికి రాలేదు. "వల్వా అండీ, లెఫ్ట్ సైడ్" అన్నాను. డాక్టరు గారు రాసుకున్నారు. పిన్నికి మాత్రం ఏమీ అర్థం కాలేదు. తన ఒంట్లోని చోటు గురించి, తన ఎదురుగానే, తనకు రాని భాషలో మాట్లాడి ఆమెను ఆ సంభాషణలోంచి బయటికి పంపేశానన్న సంగతి ఇంటికొచ్చాక గానీ నాకు తట్టలేదు. ఈ వ్యాసం రాయాలన్న ఆలోచన అక్కడ మొదలైంది. పేరు రాయొద్దనీ, సంగతి రాయమనీ పిన్నే చెప్పింది.

పిన్ని మా అమ్మకు ఆఖరి చెల్లెలు. తెనాలి దగ్గర ఒక ఊళ్ళో బట్టలు కుడుతుంది. 2011లో, తన ముప్ఫై తొమ్మిదో ఏట, స్నానం చేస్తుంటే చేతికి మెత్తగా ఏదో తగిలింది. ఉసిరికాయంత ఉంది. నొప్పి లేదు, దురద లేదు, రక్తం లేదు. నొప్పి ఉంటేనే వందసార్లు ఆలోచించి గానీ చెప్పుకోని వాళ్ళం, నొప్పి లేని దాన్ని ఎవరికి చెప్తాం? రెండేళ్ళకి అది నిమ్మకాయంత అయింది. మిషను ముందు కూర్చుంటే ఒత్తుకునేది. ఒక పక్కకి పాత దుప్పటి మడత పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంది. అడిగినవాళ్ళకి "మొలలు" అని చెప్పింది. మొలలైతే నలుగురిలోనూ చెప్పుకోవచ్చు, పథ్యం అడగొచ్చు, పసరు మందు అడగొచ్చు. బాబాయికి కూడా తెలియదు. చీకట్లో కాపురాలు చేసే మన ఇళ్ళల్లో ఒక గడ్డను దాచడం పెద్ద కష్టమేం కాదు.

2015లో ఇక తప్పక పక్క పట్నంలో ఒక నర్సింగ్‌హోమ్‌కి వెళ్ళింది. రెండు నిమిషాల్లో చూసి "బార్తొలిన్ సిస్ట్" అన్నారు. చిన్న ఆపరేషన్ చేసి, తీసేసి, ఇంటికి పంపారు. మూడేళ్ళకి అదే చోట మళ్ళీ మెత్తగా తగిలింది. "ఒకసారి తీసినా వచ్చిందంటే నా ఖర్మ" అనుకుని ఊరుకుంది. 2021 నాటికి మూత్రానికి వెళ్ళడం కష్టమైంది. అప్పుడు నాకు ఫోన్ చేసింది. ఫోన్‌లో కూడా "అక్కడే" అంది.

ఈ "అక్కడ" మీద నాకు మొదటినుంచీ ఒక అనుమానం ఉంది. ఇది మన సంప్రదాయం, మన సిగ్గు, అనాదిగా ఇంతే అని అందరం అనుకుంటాం. కానీ భాషను తవ్వితే వేరే సంగతి బయటపడుతుంది. సంస్కృతంలో ఆ చోటికి "భగం" అని పేరు. భగం అంటే భాగ్యం, ఐశ్వర్యం, తేజస్సు కూడా. భగవంతుడిలో ఉన్నదీ, సౌభాగ్యంలో ఉన్నదీ ఆ మాటే. "భగందరం" అని ఆసన ప్రాంతంలో వచ్చే పుండు జబ్బును మన పెద్దవాళ్ళు ఏ సంకోచం లేకుండా పేరు పెట్టి చెప్పుకుంటారు. అందులో ఉన్న "భగ" ఏమిటో ఎవరూ అడగరు. ఐరోపా వైద్యుల లాటిన్‌లో ఈ చోటి పేరు "పుడెండమ్". సిగ్గుపడవలసినది అని దాని అర్థం. జర్మన్‌లో ఆ పెదవులను "సిగ్గు పెదవులు" అనే అంటూ వచ్చారు. శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ పదావళి నుంచి పుడెండమ్ అన్న మాటను తీసేసి వల్వాను మాత్రం ఉంచింది 2019లో. ఆ ప్రాంతపు నరానికి మాత్రం "పుడెండల్" అన్న పేరు అలాగే ఉండిపోయింది. అంటే అక్కడ ఇప్పటికీ సిగ్గు నరం ఒకటి ఉందన్నమాట!

భాగ్యం అన్న అర్థమున్న మాటను నోరెత్తి పలకలేని మాటగా మనం ఎప్పుడు చేసుకున్నాం? ఒక్క సంవత్సరాన్ని చూపించి ఇప్పుడే అనడం కుదరదు గానీ, కొన్ని గుర్తులు కనిపిస్తాయి. ముద్దుపళని "రాధికా సాంత్వనము"ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో మళ్ళీ అచ్చు వేయిస్తే, 1911లో అశ్లీలమని ప్రభుత్వం ఆ పుస్తకాలను పట్టుకుంది. పద్దెనిమిదో శతాబ్దపు ఒక స్త్రీ తెలుగులో హాయిగా రాసుకున్న శరీరం, ఇరవయ్యో శతాబ్దపు పోలీసులకూ సంస్కర్తలకూ నేరంగా కనిపించింది. ఆ తర్వాత వచ్చిన మర్యాదస్తుల తెలుగులో గర్భానికి చోటు దొరికింది. ఎందుకంటే గర్భం బిడ్డల్ని కంటుంది. 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసు నుంచి మొదలుపెట్టిన "గృహలక్ష్మి" పత్రికను నా పరిశోధన కోసం చాలాకాలం తిరగేశాను. గర్భాశయ వ్యాధులకు "లోధ్ర" మందు తయారుచేసి ప్రసిద్ధికెక్కింది కూడా ఆయనే. గర్భం, ప్రసవం, బాలింత, శిశువు... వీటి గురించి ఆనాటి నుంచీ మనకు భాష ఉంది. బిడ్డల్ని కనడంతో సంబంధం లేని ఒక గడ్డ, ఆ గర్భానికి బయట, ఆ పెదవుల దగ్గర వస్తే? దానికి వ్యాసం లేదు, ప్రకటన లేదు, ఉత్తరం రాసి అడిగే శీర్షిక లేదు.

స్త్రీవాదం వచ్చాక ఈ మౌనం కొంత పగిలింది. 1993లో వచ్చిన "నీలిమేఘాలు" సంకలనంలో స్త్రీలు తమ శరీరాన్ని కవిత్వంలోకి తెచ్చారు. వాళ్ళు పడ్డ తిట్లు మనకు తెలుసు. బోస్టన్ స్త్రీలు 1970లో ఒక చిన్న పుస్తకంగా మొదలుపెట్టిన "అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్" ఆలోచనకు దగ్గరగా, మన స్త్రీశక్తి సంఘటన "సవాలక్ష సందేహాలు" తెచ్చింది. మన ఒంటిని మనమే తెలుసుకోవాలి అన్న ఆ మాట నా తరం వాళ్ళకు పుస్తకాల అరలో సులభంగా దొరికింది. అరలో ఉన్నది నోట్లోకి రావడానికి ఎంత దూరముందో ఆ ఓపీ గదిలో నాకు తెలిసొచ్చింది.

పేరు లేకపోవడం ఒక సమస్య అయితే, తప్పు పేరు ఉండడం ఇంకో సమస్య. ఆయుర్వేదంలో "మాధవనిదానం" అన్న గ్రంథం రోగనిర్ణయానికి ప్రామాణికం. నిదానం అంటేనే రోగకారణాన్నీ లక్షణాన్నీ నిర్ణయించడం. అందులో "యోనికందం" అని ఒక వ్యాధి ఉంది. లకుచ పండు ఆకారంలో, చీమూ నెత్తురూ కలిసిన రంగులో అక్కడ పెరిగే గడ్డ. లకుచం అంటే పనస జాతికి చెందిన చిన్న పండు. పోలిక బాగానే ఉంది, చూసినవాళ్ళు ఎవరో చూసే రాశారు. అయితే కారణాలు చూడండి. పగటి నిద్ర, అతి కోపం, వ్యాయామం, అతి మైథునం, గోళ్ళతో పళ్ళతో అయిన గాయాలు. ఆమె నిద్రపోయింది కాబట్టి, ఆమె కోప్పడింది కాబట్టి. పిన్ని ఈ గ్రంథం పేరు కూడా వినలేదు. అయినా "ఎప్పుడు పాపం చేశానో" అని ఆమె అన్న మాటకూ దీనికీ మధ్య ఎక్కువ దూరం లేదు.

పగటి నిద్రకూ ఈ గడ్డలకూ ఏ సంబంధమూ లేదని ఇప్పుడు తెలుసు. అయితే ఆ "ఇప్పుడు" చాలా దగ్గరిది. దానికన్నా ముందు ఒక ఆడమనిషి గడ్డను ఇంకో మనిషి చూడగలిగే పరిస్థితి రావాలి కదా. మన దగ్గర అదీ ఒక పోరాటమే. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీలో మేరీ షార్లీబ్‌తో కలిపి నలుగురు స్త్రీలను చేర్చుకున్నారు. మగ డాక్టరుకు చూపించుకోలేక ఇళ్ళల్లోనే చచ్చిపోతున్న ఆడవాళ్ళ కోసం అదే షార్లీబ్ 1885లో మద్రాసులో గోషా ఆసుపత్రి ఏర్పాటుకు పూనుకుంది. మా గుంటూరుకు 1883లో అమెరికా నుంచి డాక్టర్ ఆనా కుగ్లర్ వచ్చింది. 1898లో అక్కడ ఆడవాళ్ళ కోసం ఆసుపత్రి తెరిచింది. మా అమ్మా పిన్నీ పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. ఆడ డాక్టరు ఉంటే ఆడవాళ్ళు చూపించుకుంటారు అన్నది ఆ తరం నమ్మకం. అది చాలావరకు నిజమైంది కూడా. పిన్ని 2015లో వెళ్ళింది కూడా ఆడ డాక్టరు దగ్గరికే. ఆవిడ చూసింది, కానీ తనకు తెలిసిన పేరే పెట్టింది.

ఆ పేరు కథ కూడా చెప్పుకోవాలి. కాస్పర్ బార్తొలిన్ అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు 1677లో, తన ఇరవయ్యో పడి మొదట్లోనే, యోని ద్వారానికి చెరో పక్క కింది భాగంలో బఠాణీ గింజంత గ్రంథి ఒక్కొక్కటి ఉందని వర్ణించాడు. అప్పటినుంచీ ప్రపంచంలో ప్రతి ఆడదాని ఒంట్లోనూ ఆయన పేరు రెండుసార్లు ఉంది. ఆ గ్రంథి నాళం మూసుకుపోతే నీరు చేరి తిత్తిలా ఉబ్బుతుంది. ఇది చాలా మామూలు జబ్బు. అందుకే ఆ ప్రాంతంలో మెత్తగా, నొప్పి లేకుండా ఏది ఉబ్బినా ముందు ఆ పేరే నోటికొస్తుంది. కాకపోతే కొవ్వుగడ్డ, లేకపోతే గజ్జల్లోంచి దిగిన హెర్నియా. మన కోస్తా జిల్లాల్లో అయితే బోదవ్యాధి వాపు కూడా. పూర్వం అయితే ఇక జాబితా ముగిసినట్టే.

1983లో అమెరికాలో థెరిసా స్టీపర్, హువాన్ రోసాయ్ అనే ఇద్దరు పాథాలజిస్టులు ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. తొమ్మిదిమంది స్త్రీలు. కటి లోపలా, జననాంగాల చుట్టూ పెరిగిన మెత్తటి గడ్డలు. సూక్ష్మదర్శిని కింద అన్నీ ఒకేలా ఉన్నాయి. జిగురులాంటి పదార్థంలో పలచగా చెదిరిన కణాలు, వాటి మధ్య రకరకాల లావుల్లో రక్తనాళాలు, చుట్టూ అంచు అంటూ లేకుండా కొవ్వులోకి పాకిపోవడం. క్యాన్సర్ కాదు. కానీ తీసేసినా అదే చోట మళ్ళీ వస్తుంది. దానికి వాళ్ళు "అగ్రెసివ్ ఏంజియోమిక్సోమా" అని పేరు పెట్టారు. అంతకుముందు ఆ గడ్డలు ఆడవాళ్ళకు రాలేదా? వచ్చే ఉంటాయి. వేరే పేర్ల కింద, వేరే ఫైళ్ళలో కలిసిపోయి ఉంటాయి.

తర్వాత 1992లో క్రిస్టఫర్ ఫ్లెచర్, మరి కొందరు కలిసి పదిమంది స్త్రీల గడ్డలను వర్ణించారు. పైకి చూస్తే 1983 నాటి గడ్డలాగే ఉంటుంది. కానీ దీనికి స్పష్టమైన అంచు ఉంది. కణాలు రక్తనాళాల చుట్టూ గుంపులు కట్టి ఉంటాయి. తీసేస్తే మళ్ళీ రావడం చాలా అరుదు. దానికి "ఏంజియోమయోఫైబ్రోబ్లాస్టోమా" అని పేరు. 1997లో మరీసా న్యూచీ, ఫ్లెచర్, ఇంకొకరు కలిసి నాలుగు గడ్డల ఆధారంగా "సెల్యులార్ ఏంజియోఫైబ్రోమా"ను వేరు చేశారు. 2004లో ఇంకా పెద్దమనిషి కాని చిన్నపిల్లల్లో అక్కడ వచ్చే ఒక రకం గడ్డను పదకొండు మంది పిల్లల ఆధారంగా గుర్తించారు. మొత్తం ఇరవై ఏళ్ళ చరిత్ర. నా కన్నా కొంచెం పెద్దదీ, కొంచెం చిన్నదీ.

ఈ పత్రాల శీర్షికలు చదివినప్పుడు సాహిత్య విద్యార్థిగా నాకు ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది. 1992 శీర్షికలోనూ 1997 శీర్షికలోనూ "ఫలానా దానికి భిన్నమైనది" అని ఉంటుంది. ఇది అది కాదు, అందుకే దీనికి పేరు. మాటకు అర్థం పక్క మాటతో ఉన్న తేడా నుంచి వస్తుందని మేం భాషాశాస్త్రం తరగతుల్లో చదువుకున్న సూత్రమే ఇదీ. అక్కడ తేడా తెలియకపోతే పరీక్షలో మార్కులు పోతాయి. ఇక్కడ తేడా తెలియకపోతే ఒకామెకు అవసరానికి మించిన కోత పడుతుంది, ఇంకొకామెకు చాలినంత కోత పడదు.

పిన్ని విషయంలో ఆ తేడా ఎలా బయటపడిందో చెప్తాను. ఎందుకంటే ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా పనికిరావచ్చు. డాక్టరు గారు ముందు పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి, దగ్గమని చూశారు. హెర్నియా అయితే దగ్గినప్పుడు చేతికి తోపు తగులుతుంది, ఇది తగల్లేదు. బార్తొలిన్ గ్రంథి ఉండే చోటికీ ఈ గడ్డ ఉన్న చోటికీ తేడా ఉందని కూడా గమనించారు. నలభై దాటిన స్త్రీకి అక్కడ కొత్తగా గడ్డ వస్తే, అది బార్తొలిన్‌దే అనిపించినా ముక్క తీసి పరీక్షకు పంపాలని ఆవిడ చెప్పారు. తర్వాత ఎంఆర్‌ఐ. బయటికి కనిపించింది పిడికెడు, లోపల కటిలోకి పాకి ఉన్నది దానికి రెండింతలు. ఆ బొమ్మలో గడ్డ లోపల సుడులు తిరిగినట్టు పొరలు పొరలుగా చారలున్నాయి. ఈ గడ్డకు అది ఒక గుర్తట. పైన కనిపించేదాన్ని మాత్రం తిత్తి అనుకుని కోసేస్తే లోపలిది లోపలే ఉండిపోతుంది. 2015లో జరిగింది అదే అయ్యుండాలి.

తర్వాత సూదితో ముక్క తీశారు. పాథాలజిస్టు కూడా ఒక స్త్రీ. నేను వదలకుండా అడుగుతుంటే, ఒకరోజు మధ్యాహ్నం పిలిచి సూక్ష్మదర్శినిలో చూపించారు. లేత గులాబీ రంగు మైదానం, అక్కడక్కడా ఊదా చుక్కలు, మందపాటి గోడలున్న రక్తనాళాలు. "అంచు కోసం వెతకండి" అన్నారావిడ. ఎంత వెతికినా నాకు దొరకలేదు. "దొరకదు. అదే మా ఆధారం" అన్నారు. ఆ తర్వాత రంగు పరీక్షలు. కణాల్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లను అందుకునే గ్రాహకాలు ఉన్నాయి. అందుకే ఈ గడ్డ ఎక్కువగా బిడ్డల్ని కనే వయసులో కనిపిస్తుంది. చాలా గడ్డల్లో పన్నెండో క్రోమోజోము మీద ఉన్న ఒక జన్యువు చెదిరి ఉంటుందని కూడా తేలింది. దానికి కోపంతో సంబంధం లేదు, పాపంతో సంబంధం లేదు.

రిపోర్టు పట్టుకుని మళ్ళీ ఓపీకి వెళ్ళాం. "బినైనే, క్యాన్సర్ కాదు. కానీ అగ్రెసివ్" అన్నారు డాక్టరు గారు. పిన్ని ముఖం తెల్లబోయింది. అగ్రెసివ్ అన్న మాట ఆమెకు తెలుసు, టీవీలో క్రికెట్ చూస్తుంది కదా. క్యాన్సర్ కాకపోతే ఆ మాటెందుకని అడిగింది. ఈసారి అనువాదం నేనే చేయాలని కూర్చున్నాను. ఇది ప్రాణం తీసేది కాదు పిన్నీ, ఊపిరితిత్తులకూ వాటికీ పాకడం లోకం మొత్తం మీద ఏ కొద్దిమందికో తప్ప జరగలేదు, కానీ తీసినా ఉన్నచోటే మళ్ళీ వస్తుంది, దాదాపు మూడోవంతు మందికి అలా వస్తుంది, కొందరికి చాలా ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు అని చెప్పాను. పిన్ని కాసేపు ఆలోచించి, "అంటే మొండిదన్నమాట" అంది. డాక్టరు గారు నవ్వి, "కరెక్ట్‌గా చెప్పారమ్మా" అన్నారు. రెండు వారాలుగా నిఘంటువుల్లో నేను వెతుకుతున్న మాట అది. దూకుడు కాదు, దుడుకు కాదు, మొండి.

ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ "అగ్రెసివ్" అన్న మాట మీద పాథాలజిస్టులకే ఇబ్బంది ఉంది. ఆ మాట భయపెట్టి పెద్ద పెద్ద కోతలకు దారి తీస్తోందని, చుట్టూ ఉన్న అవయవాలను పోగొట్టుకునేంత ఆపరేషన్ అందరికీ అవసరం లేదని తర్వాత వచ్చిన అనుభవం చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో "డీప్" అన్న మాట ముందుకు వచ్చింది, అగ్రెసివ్ వెనక్కి తప్పుకుంది. లోతైనది అని మాత్రమే. ఒక విశేషణం మారితే ఒక స్త్రీ శరీరంలో ఎంత మిగులుతుందో మారుతుందని నేను ఏ విమర్శ గ్రంథంలోనూ చదవలేదు.

పిన్నికి కొన్ని నెలలు హార్మోన్లను తగ్గించే ఇంజక్షన్లు ఇచ్చి, గడ్డ కొంత చిన్నదయ్యాక 2022లో ఆపరేషన్ చేశారు. మూత్రాశయం, మలద్వారం అన్నీ కాపాడారు. అంతకుముందు ఒకటి జరిగింది. అది చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది.

పాథాలజిస్టు గారు 2015 నాటి ముక్క కావాలన్నారు. మొదటి గడ్డా ఇదీ ఒకటేనా, లేక వేరేదా అన్నది తేల్చుకోవడానికి. శరీరంలోంచి తీసిన ముక్కను మైనంలో పోసి దిమ్మెలా చేసి, దాంట్లోంచి పలచటి పొరలు కోసి అద్దం మీద పరిచి చదువుతారు. ఆ మైనపు దిమ్మెలు పాథాలజీ విభాగాల్లో ఏళ్ళ తరబడి ఉంటాయి. కొత్త పేరు పుట్టినప్పుడు పాత దిమ్మెలను మళ్ళీ కోసి కొత్త కళ్ళతో చదవొచ్చు. నేను ఆ పట్నం నర్సింగ్‌హోమ్‌కి వెళ్ళాను. పాత రిజిస్టరు తీశారు. పేరు, వయసు, "బి. సిస్ట్, ఎక్సిషన్", కట్టిన డబ్బు. అంతే. ముక్క ఎక్కడికి పంపారని అడిగాను. "సిస్టే కదా, పంపలేదు. పారేస్తాం" అన్నారు. వాళ్ళ గొంతులో దుర్మార్గమేమీ లేదు. పరీక్షకు పంపితే ఇంకో వెయ్యో రెండు వేలో అవుతుంది, పేషెంట్లే వద్దంటారట. పిన్నిని అడిగితే "అడగలేదే, అడిగినా వద్దనేదాన్నేమో" అంది.

నేను ఇన్నేళ్ళూ చేసిన పని పాత కాగితాలు వెతకడం. స్త్రీలు రాసినవి దొరకవు. చెదలు తిన్నవి కొన్ని, పొయ్యిలో వేసినవి కొన్ని, "ఆడవాళ్ళ రాతలే కదా" అని తూకానికి వేసినవి కొన్ని. దొరకని వాటి గురించే నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం ఉంది. ఆ నర్సింగ్‌హోమ్ వరండాలో నిలబడి ఉంటే నాకు ఆ అధ్యాయమే గుర్తొచ్చింది. "సిస్టే కదా" అన్న మాటలో ఉన్నది ఆ "కదా"యే. స్టీపర్, రోసాయ్‌ల ముందు తొమ్మిదిమంది గడ్డలు ఉన్నాయి కాబట్టి వాళ్ళు ఒక జబ్బును చూడగలిగారు. పారేసిన ముక్క ఏ పత్రంలోకీ ఎక్కదు, ఎవరికీ ఏ పేరూ ఇవ్వదు.

ఈ గడ్డలు అరుదైనవే. నేను కాదనడం లేదు. ఆ ప్రాంతంలో వచ్చే వాపుల్లో చాలా ఎక్కువ భాగం మామూలు తిత్తులూ, కొవ్వుగడ్డలూ, చీముగడ్డలే. ఎవరినీ భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఎంత అరుదు అన్నది లెక్కపెట్టగలిగేది ముక్కను చదివిన చోటే. చెప్పని స్త్రీలు లెక్కలో లేరు, చెప్పినా సరిగా చూడనివాళ్ళు లేరు, చూసి తీసి పారేసినవాళ్ళు లేరు. అరుదు అన్న మాటలో ప్రకృతి వాటా ఎంతో, మన మౌనం వాటా ఎంతో విడదీయడం కష్టం. ఆడ డాక్టర్లు రావాలని పోరాడిన తరం తన పని తాను చేసింది. శరీరాన్ని కవిత్వంలోకి తెచ్చిన తరం తన పని చేసింది. ఇప్పుడు మనం అడగాల్సింది చాలా చిన్నదిగా, దాదాపు గుమాస్తా పనిలా కనిపించేది: నా ఒంట్లోంచి తీసింది ఎక్కడికి పంపుతున్నారు? రిపోర్టు ఎప్పుడొస్తుంది? దిమ్మె నంబరు ఎంత? కావాలంటే ఇంకొకరికి చూపించుకోవడానికి దిమ్మె, స్లైడ్లు నాకు ఇస్తారా? ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి డాక్టరేట్ అక్కర్లేదు. కానీ అంతకన్నా ముందు ఒకటుంది. ఆ చోటి పేరు చెప్పగలగాలి.

ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రి మంచం మీద పడుకుని పిన్ని అడిగింది, "ఇంతకీ దాన్ని తెలుగులో ఏమంటారే?" చెప్పాను. మొదట "ఛీ" అంది. తర్వాత భగవంతుడి సంగతీ, సౌభాగ్యం సంగతీ చెప్పాను. కుట్లు లాగుతున్నా నవ్వింది. "ప్రతి శ్రావణ శుక్రవారం నలుగురు ముత్తైదువలకీ పంచిపెట్టే మాటే కదే అది!" అంది.

నిరుడు మళ్ళీ ఎంఆర్‌ఐ తీయించాం. ఏమీ లేదు. మొండిది కాబట్టి ఏడాదికోసారి చూస్తూనే ఉండాలి. పిన్ని ఇంట్లో ఇనప బీరువాలో పొలం పాస్‌పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ఉండే అరలో ఇప్పుడు ఒక నీలం రంగు ఫైలు కూడా ఉంది. అందులో రిపోర్టులు, స్లైడ్ల డబ్బా, దిమ్మె నంబరు రాసిన చీటీ ఉన్నాయి. ఫైలు అట్ట మీద రోగి పేరు, వయసు, జబ్బు అని మూడు గీతలుంటే పిన్ని మొదటి రెండూ నింపి మూడోదాన్ని ఖాళీగా ఉంచింది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను. మిషను మీద కొలతలు రాసుకునే నల్ల పెన్నుతో, కొంచెం వంకరగా, ఆ గడ్డ ఇంగ్లీషు పేరంతా తెలుగు అక్షరాల్లో రాసి ఉంది. దాని కింద "చోటు" అని తనే ఒక గీత గీసి, దాని ఎదురుగా ఆ మాట రాసుకుంది.